రుమ్యానా తట్టిన గోడ

యాంత్రా నది మీది కొండ అంచున ఉన్న ఇల్లు చూడడానికి రుమ్యానా పని ముగించుకుని చీకటిపడ్డాక వచ్చింది. తాపీమేస్త్రీ కూతురు. గోడను తట్టి చూస్తే గట్టిదో డొల్లో చెప్పేస్తానని ఆమెకు గర్వం. "ఒంటరి ఆడదానివి, నీకు ఇల్లెందుకే?" అని అన్నలు నవ్వారు.

కప్పు బాగుంది. ఎక్కడా చెమ్మ లేదు. పడకగది గోడను రెండుసార్లు తట్టింది. అటునుంచి మూడుసార్లు తట్టిన చప్పుడు వినిపించింది.

"అటువైపు ఎవరుంటారు, తాతా?"

ఇల్లు అమ్ముతున్న ముసలి స్పాస్ ఆమె వైపు చూడలేదు. "ఎవరుంటారమ్మాయ్? అటు లోయేగా."

కిటికీ తెరిచి చూసింది. గోడ కింద నది హోరు తప్ప ఏమీ లేదు. కిటికీ మూసి గోడ దగ్గరికి వచ్చింది.

"ఎవరైనా కానీ, ఇంటావిడ వచ్చిందని తెలియాలి," అంటూ పిడికిలితో గట్టిగా కొట్టింది.

తర్వాత గోడ లోపల ఎవరో మెల్లగా పక్కకు జరిగి ఆమెకు చోటిస్తున్న చప్పుడు.