చదివినవాళ్లు

మమతారాణి ఆర్గానిక్ కెమిస్ట్రీ లెక్చరర్. ఉట్నూర్ అడవుల్లో పూసే మోదుగుపూల రంగు మీద ఆమె రాసిన పరిశోధనా పత్రాన్ని ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. ఈ మధ్య ఉన్నట్టుండి తొంభై మంది తమ పత్రాల్లో దాన్ని ఉదహరించారు. కరీంనగర్‌లో ఆమె పనిచేసే కాలేజీ సన్మానం పెట్టింది.

పాత శిష్యుడు ప్రణయ్ అందరికంటే ముందే స్టాఫ్ రూమ్‌లో ఉన్న ఆమె దగ్గరికి వచ్చాడు. ఇప్పుడతను హైదరాబాద్‌లో పేరున్న శాస్త్రవేత్త.

"ఇంతమంది నా పని చదువుతుండ్రంటే నమ్మబుద్ధైతలేదు ప్రణయ్," అందామె కళ్లు తుడుచుకుంటూ.

అతను దగ్గరికి జరిగి సంబరంగా గొంతు తగ్గించాడు.

"అంతా నేనే చేసిన మేడమ్. అచ్చయ్యే ముందు నా దగ్గరికి పరిశీలనకొచ్చిన ప్రతి పేపర్ల మీ పేపర్ పేరు చేర్చుమన్న. చేర్చినంకనే పాస్ చేసిన."

ఆమె కుర్చీలో కూలబడింది.

"అంటే వాళ్లెవ్వరు చదువలేదా?"

"గంత తీరికెవరికున్నది మేడమ్? పేరు చేర్చిండ్రు, గంతే."

బయట మైకులో ఆమెను పిలుస్తున్నారు. ఆమె లేవలేదు.

"నువ్వన్నా చదివినవా?"

ప్రణయ్ తల దించుకున్నాడు.

"దాని మీద మీ పేరున్నది గదా మేడమ్. గది సాలనుకున్న."