షెల్ఫు కింద షహాతా

ఏమోయ్, నిన్నే! మేకు కొట్టబోయి గోడ పెచ్చంతా ఊడగొట్టి, ఆ బొక్క మీద క్యాలెండరు తగిలించి పెళ్ళాం కంటపడకుండా దాచిన మొనగాడా! నవ్వకు. నిన్ను మించినవాడు అలెగ్జాండ్రియాలో ఉన్నాడు, కర్మూజ్ పేటలో. పేరు షహాతా. విను.

"మావయ్యా, కొంప మునిగింది! సిమెంటు ఆరలేదు!" అంటూ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాడు అషూర్.

"ఎవరి కొంపరా?" అన్నాడు షహాతా టీ చప్పరిస్తూ. అతని ధ్యాసంతా జేబులో ఉన్న రబ్బరు బల్లి మీదే ఉంది. కాబోయే వియ్యపురాలి పళ్ళెంలో దాన్ని ఏ క్షణాన జారవిడిస్తే బాగుంటుందా అని. అతను వెళ్ళిన ఏ విందూ ఇలాంటి చేష్టతో కేకలు పుట్టకుండా ముగియదని పేటలో ప్రతీతి.

"నా కొంపే! ఎదురుగోడకున్న ఈ షెల్ఫు ఊడిందంటే నఫీసా నాకు దక్కదు!"

ఆ ఊరి ఆచారం ప్రకారం కొత్త కాపురంలో పెళ్ళికూతురి పింగాణీ సామాను పెట్టుకోడానికి గాజు బీరువా ఉండాలి. అందులో సామాను ఎవరూ వాడరు, చూసి మురుస్తారంతే. గాజు బీరువా కొనే తాహతు అషూర్‌కి లేదు. రేవులో పారేసిన సరుకు పెట్టెల చెక్కలు మోసుకొచ్చాడు. చిత్రిక పట్టాడు. గోడలోకి ఇనప చువ్వలు దిగేసి సిమెంటుతో బిగించి, వాటి మీదికి చెక్క తొడిగాడు. కింద కాళ్ళు లేవు, ఊతకర్ర లేదు. గోడలోంచి మొలిచినట్టుంది. "మా పిల్ల పింగాణీ దాని మీద నిలిస్తేనే పెళ్ళి. లేదంటే సామానుతో పాటు పిల్లని కూడా వెనక్కి తీసుకుపోతా" అని తేల్చేసింది కాబోయే అత్తగారు, హజ్ యాత్ర చేసొచ్చిన హజ్జా దౌలత్.

షహాతా వేలు పెట్టి చూశాడు. చెక్క అంచునున్న సిమెంటు తడితడిగా అంటింది.

"రేపు రమ్మను."

"రేపేంటి మావయ్యా, మెట్లెక్కుతున్నారు! నీ భుజం సరిగ్గా ఆ ఎత్తే ఉంది. దాని కింద నిలబడు. నీ కాళ్ళు పట్టుకుంటా!"

తలుపు చప్పుడయింది. షహాతా టీ గ్లాసుతో సహా గోడకి అతుక్కుపోయి, భుజాన్ని చెక్క కిందికి దూర్చాడు.

హజ్జా దౌలత్ లోపలికొచ్చింది, వెనక పింగాణీ పెట్టె పట్టుకుని నఫీసా.

"బాగున్నారా అన్నయ్యగారూ? కూర్చోరేం?"

"నడుం పట్టేసింది హజ్జా. గోడకి ఆనుకుని నిలబడమన్నాడు డాక్టరు."

"అయ్యో పాపం. ఇంతకీ షెల్ఫు ఇదేనా? కాళ్ళు లేవే!"

"కాళ్ళుంటే రాత్రికి రాత్రి లేచి మీ ఇంటికి వచ్చేస్తుందని పెట్టలేదు" అన్నాడు షహాతా.

హజ్జా సూపు పళ్ళేలు పేర్చింది. షహాతా భుజం కుంగినట్టయింది. పులుసు గిన్నె పెట్టింది. పాదాలు ఎడంగా పెట్టుకున్నాడు. కప్పులు, సాసర్లు, టీ కెటిల్ కూడా ఎక్కించింది.

"అమ్మా, చాలేమో" అంది నఫీసా.

"ఉండవే, ఈ నెయ్యి జాడీ కూడా ఆగుతుందేమో చూద్దాం."

షహాతా పళ్ళు బిగించాడు. చెమట ముక్కు చివర ఆగింది. ఒక చేతిలో టీ, ఇంకో చెయ్యి చెక్క కింద, తుడుచుకోడానికి చెయ్యి లేదు. జేబులో బల్లి జేబులోనే ఉండిపోయింది.

"భలే గట్టిగా ఉందే!" అంది హజ్జా. "ఇక భోజనాలకి లేవండి. మా ఇంటినుంచి పావురాలు తెచ్చాను, గోధుమ రవ్వ కూరి వేయించినవి."

మూత తీసింది. వెన్న వాసన, దాల్చినచెక్క వాసన గదంతా కమ్మేసింది. షహాతాకి పావురాలంటే ప్రాణం. ఆ సంగతి పేటంతటికీ తెలుసు.

"రండి అన్నయ్యగారూ!"

"నేను... ఇవాళ ఉపవాసం హజ్జా. గురువారం కదా."

"మరి చేతిలో ఆ టీ ఏంటి?"

"ఇదా? సాయంత్రం మసీదులో బాంగు వినబడ్డాక ఉపవాసం విడవడానికి. ఇప్పట్నుంచే చల్లారబెడుతున్నా."

"ఎంత భక్తి!" అంది హజ్జా, పావురం కాలు విరిచి అల్లుడికి వడ్డిస్తూ. "చూసి నేర్చుకో అషూర్. మనమంతా తింటుంటే ఆయన కళ్ళతో కూడా తినట్లేదు."

కళ్ళతోనే తింటున్నాడు పాపం. పళ్ళెంలో ఒక్కో పావురం ఎముకలగూడు అయ్యేకొద్దీ షహాతా గొంతులో గుటక గట్టిగా వినబడుతోంది. చివరి పావురాన్ని నఫీసా మొహమాటంగా అటు చూపించబోతే, వాళ్ళమ్మ "పాపం, ఆయన ఉపవాసం చెడగొట్టకే" అని దాన్ని కూడా లాగేసుకుంది.

టీలయ్యాయి. పెళ్ళి రోజు ఖాయమైంది. హజ్జా గుమ్మంలో ఆగి, "ఎన్ని పెళ్ళిచూపులు చూశానో గానీ, ఇంత ప్రశాంతంగా ఏదీ జరగలేదు అన్నయ్యగారూ" అని కూతుర్ని తీసుకుని మెట్లు దిగింది.

తలుపు మూసుకోగానే షహాతా కేకేశాడు. "ఒరేయ్! ఇటుకో దుంగో ఏదో ఒకటి తెచ్చి దీని కింద పెట్టరా, చచ్చిపోతున్నా!"

అషూర్ తాపీగా పళ్ళు కుట్టుకుంటూ వచ్చాడు. "ఇక ఇవతలికి రా మావయ్యా."

"వస్తే పడదూ?"

"పడదు. నువ్వు కింద నుంచి అంతలా ఎత్తుతుంటే పైకి లేచిపోతుందేమోనని మాత్రం భయమేసింది."

షహాతా అంగుళం అంగుళం పక్కకి జరిగాడు. షెల్ఫు కదల్లేదు. ఒక్క కప్పు కూడా గలగలమనలేదు.

"సిమెంటు ఆరలేదన్నావు కదరా!"

"ఎప్పుడో ఆరింది. పొద్దున పైపైన కాస్త పచ్చి సిమెంటు పూశానంతే."

"గట్టిపడిందని నీకెలా తెలుసు?"

"మంగళవారమే హజ్జా వచ్చి, కుర్చీ వేసుకుని ఎక్కి, దాని మీద కూర్చుని మరీ చూసింది" అన్నాడు అషూర్. "దిగేటప్పుడు అంది, 'షెల్ఫుకి వంక లేదు అల్లుడూ. పెళ్ళి జరగాలంటే గురువారం నేను తిని లేచేదాకా దీని కింద మీ మావయ్యని నిలబెట్టు.'"