మీ ఆయన్ని రమ్మను

పద్మకుమారి మేడమ్ ఆ ఉత్తరాన్ని పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివింది. చదివి, నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేసింది.

"మేడమ్! అది మా ఆయన రాసిచ్చిన లెటరు!" అంది ఈశ్వరి బిత్తరపోయి.

"తెలుస్తూనే ఉంది. కడుపుతో ఉన్నావని చదువు మానిపిస్తున్నాడు, అంతేగా? సర్టిఫికెట్లు కావాలంటే ఆయన్నే రమ్మను. నా ఎదురుగా నిలబడి సంతకం పెట్టమను. అప్పటిదాకా క్లాసుకి రావాల్సిందే."

"ఆరో నెల మేడమ్. గజపతినగరం నుంచి రోజూ బస్సులో..."

"కడుపొస్తే బుర్ర పనిచెయ్యదా? వెళ్ళి వార్డులో పక్కలు సర్దు."

ఈశ్వరికి ఒళ్ళు మండిపోయింది. విజయనగరంలో బీఎస్సీ నర్సింగు సీటొచ్చి చేరిన కొత్తలో ఇదే మేడమ్ "కూర్చోమ్మా, కాసిన్ని మంచినీళ్ళు తాగు" అనేది. ఈ లెటరు చూసిన పూటనుంచి ఏం పురుగు కుట్టిందో! కాళ్ళు వాచినా సెలవివ్వదు. వాంతులైనా వదలదు. ఒక్క పేజీ తప్పితే రికార్డు మొత్తం తిరగరాయిస్తుంది.

ఇంట్లో ఈ సంగతి చెబితే అత్త సుభద్రమ్మ చేతిలో చేట పక్కన పెట్టింది.

"ఏటీ, సింపేసిందా? ఆ టూటరమ్మకి పిల్లల్లేరటగదా. గొడ్రాలి కుళ్ళు, మరేటి! సూడమ్మా, మావోడి మొదటి పెళ్ళామూ ఇలాగే నర్సు సదువని ఊళ్ళట్టుకు తిరిగింది. పురిట్లో పోనాది. నిన్ను కూడా పోగొట్టుకోమంతావేటి?"

ఆ మాట విన్నప్పుడల్లా ఈశ్వరికి భయమేస్తుంది. ఆ పోయినావిడ పేరెత్తితేనే అరిష్టమని అత్త ఎప్పుడూ ఆ పేరు కూడా చెప్పలేదు.

"పోనీ ఓపాలి మీరు రండి. సంతకం పెట్టేస్తే అయిపోతాది కదా" అంది మొగుడు ధర్మేంద్రతో.

"నానా? ఓ ఆడదాని ముందు సేతులు కట్టుకుని సంతకం ఎట్టాలా? నానెళ్ళను. నువ్వే ఇంకోపాలి అడుగు."

అడిగింది. అత్త భయం కూడా చెప్పింది. "ఆయన మొదటి భార్య నర్సింగు చదువుతూనే పురిట్లో పోయిందట మేడమ్. మా అత్తకి అదే బెంగ."

మేడమ్ ఆమె రికార్డు మూసి చేతిలో పెట్టింది.

"పోయినావిడ పోయింది. నువ్వు బతికే ఉన్నావుగా? పొద్దున్నే రికార్డు పట్టుకురా."

ఛీ, చచ్చినవాళ్ళంటే కూడా జాలి లేదు! ఆ రోజు ఈశ్వరి పళ్ళు నూరుకుంది. 'ఉండవే తల్లీ, ఫస్టుక్లాసులో పాసై నీ మొహాన కొడతాను. తర్వాత నీ సంగతి చూస్తాను' అనుకుంది. అనాటమీ బట్టీ పడుతూ, ఒక్కో ఎముక పేరు చదివినప్పుడల్లా మేడమ్ ఒంట్లో ఆ ఎముకే పుటుక్కుమన్నట్టు ఊహించుకునేది. అలా రెండువందల ఆరు ఎముకలూ నోటికొచ్చేశాయి. ఇంటర్నల్స్‌లో క్లాసు ఫస్టొచ్చింది. అయినా ఆ మహాతల్లి "ఇంకా రాయచ్చు" అందే తప్ప ఒక్క మంచిమాట అనలేదు.

తొమ్మిదో నెలలో యూనివర్సిటీ పరీక్షలు వచ్చాయి. అందరికీ ముందురోజే హాల్ టికెట్లు ఇచ్చారు. ఈశ్వరిది మాత్రం మేడమ్ తన దగ్గరే ఉంచుకుంది.

"రేపు పొద్దున్న నా గదికొచ్చి తీసుకో. వస్తావో రావో చూస్తాను."

ఇంక ఈశ్వరికి సహనం చచ్చింది. ఇంటికొచ్చి ఏడుస్తూ మొగుడికి చెప్పింది. చెప్పి, లేని మాట ఒకటి కలిపింది. "నా ముందుకొచ్చే దమ్ము మీ ఆయనకి లేదా అంది."

ధర్మేంద్ర ఇంతెత్తున లేచాడు. "అంత మాటందా? రేపు దాని సంగతి తేల్చేస్తాను!"

తెల్లారి ఆటోలో పక్కన కూర్చున్నప్పుడు ఈశ్వరికి లోపల్లోపల సంబరం. మొగుడు దులిపేస్తుంటే మేడమ్ మొహం ఎలా ఉంటుందో చూడాలి! అప్పుడతను అన్నాడు, "సర్టిఫికెట్లట్టుకుని ఇటునించిటే ఇంటికి. పరీక్షా లేదు, గిరీక్షా లేదు. ఇయ్యాల్టితో సదువు సరి."

నిప్పు రాజేసింది తనే. ఇప్పుడు కాలిపోయేది తన సీటు. పొట్ట పట్టుకుని అతని వెనకాలే మెట్లెక్కింది.

ధర్మేంద్ర తలుపు ధడాల్న తోశాడు. "ఎవుత్తివే నువ్వు, నా పెళ్ళాన్ని..."

మేడమ్ తలెత్తింది. "రండి ధర్మేంద్ర గారూ. మీకోసమే మూణ్ణెల్లుగా చూస్తున్నాను."

ధర్మేంద్ర తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

మేడమ్ ఒక కాగితం, పెన్ను ముందుకు జరిపింది. "సంతకం పెట్టండి. భార్యని ఎందుకు మానిపిస్తున్నారో కారణం కూడా రాయండి. ఈసారైనా నిజం రాయండి."

అతని చెయ్యి పెన్ను దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఈశ్వరీ... నువ్వు పరీక్ష రాసుకో. నాను బయట ఉంతాను."

"ఇవాళ ఒక్కరోజేనా?" అంది మేడమ్.

"లేదు. నాలుగేళ్ళూ సదూకోనీ" అన్నాడు నేల చూపులు చూస్తూ. మరుక్షణం గదిలో లేడు.

మేడమ్ హాల్ టికెట్ తీసి ఈశ్వరి చేతిలో పెట్టింది.

"మా ఆయన ఎవరికీ జడవడు మేడమ్. మిమ్మల్ని చూసి అలా అయిపోయాడేంటి?"

"పురిట్లో పోయిన ఆ మొదటి పెళ్ళాన్ని నేనేనమ్మా."