ఒంటి చెప్పు హోటలు

బస్సు ఆగిన చప్పుడైతే చాలు, ఓక్‌సిమ్ అవ్వ గరిటె అక్కడే పడేసి గుమ్మంలోకి పరిగెడుతుంది. దిగే ఆడవాళ్ళ మొహాల్లోకి ఒక్కొక్కటిగా చూస్తుంది. అందరూ దిగాక ఉసూరుమంటూ పొయ్యి దగ్గరికి వస్తుంది. పొద్దుట్నుంచి ఇలా ఎన్నిసార్లో!

ఈసారి వచ్చింది బస్సు కాదు, ఆఫీసు జీపు.

"మామ్మగారూ, గడువు ఇవాళ్టితో సరి," అన్నాడు ఆఫీసరు ప్యో దిగుతూనే. "గాంగ్‌నుంగ్ రోడ్డు మీద కొట్లన్నీ ఒక్క తీరుగా ఉండాలిట. మీకోసం పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాను. రెండిట్లో ఒకటి ఉంచుకోమన్నారు. బోర్డా, చెప్పా?"

అవ్వ హోటలు ముందువైపంతా రెండంతస్తుల ఎర్ర రబ్బరు చెప్పు. ముక్కు పైకి తిరిగి ఉంటుంది. మీద పసుప్పచ్చ సీతాకోకచిలుక. చెప్పు నెత్తిన బోర్డు: 'యోంజా, అన్నానికి రావే!' దారిన పోయేవాళ్ళు అది చదివి నవ్వుకుని, ఫోటో దిగి, లోపలికొచ్చి సముద్రపు నాచు సూపు తాగి పోతారు.

"బోర్డే!" అని అరిచింది వంటమనిషి చున్‌హ్వా. "ఆ పేరు చూసేగా జనం ఆగేది! ఈ దిక్కుమాలిన చెప్పెందుకూ? అదీ ఎడమకాలిది ఒక్కటే. రెండోదేదని అందరూ వెక్కిరింపే."

"అవునవ్వా, మజా అంతా పేరులోనే ఉంది," అన్నాడు సూపు తాగుతున్న లారీ డ్రైవరు.

అవ్వ ఒకసారి బోర్డుకేసి, ఒకసారి చెప్పుకేసి చూసింది. భయమేసింది. రెండూ కావాలి తనకి.

"బోర్డు పీకెయ్ నాయనా," అంది చివరికి. "చెప్పు జోలికొస్తే మాత్రం నన్ను చంపి రావాలి."

"మతి పోయిందా అవ్వా!" చున్‌హ్వా నెత్తి కొట్టుకుంది. "ఆ పేరేగా మనకింత కూడు పెట్టేది! అసలెవరే ఆ యోంజా? పదేళ్ళుగా అడుగుతున్నా, ఉలకవు పలకవు."

జీపులోంచి దిగిన పనివాళ్ళు నిచ్చెన వేసి ఒక్కో అక్షరమే కిందికి దించారు. కూతురి పేరు అలా నేలమీద పడుతుంటే అవ్వ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంతలో మలుపులో బస్సు హారన్. కళ్ళు తుడుచుకుని మళ్ళీ గుమ్మంలోకి పరిగెత్తింది.

నలభై ఏళ్ళ కిందట సంత రద్దీలో, ఎడమకాలి ఎర్ర చెప్పొకటి అమ్మ చేతిలో వదిలేసి తప్పిపోయిన నాటికి, మూడేళ్ళ యోంజాకి ఇంకా అక్షరాలు రావు, తన పేరు కూడా సరిగ్గా పలకడం రాదు; తెలిసిందల్లా ఆ చెప్పు మీది సీతాకోకచిలుకే.