చర్చి కోటు

మా చేపల రేవు కిల్లీబెగ్స్‌లో పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే ఆదివారం చర్చికి వేసుకునే కోటే వేసుకుంటాం. ఈసారి నేను వేసుకోలేదు. చేపల ఫ్యాక్టరీ నుంచి రబ్బరు బూట్లతో, ఆ నీచువాసనతో అలాగే వెళ్ళి కూర్చున్నాను.

నాకు పిత్తాశయంలో రాళ్ళు. సర్జన్ కాగితాలు నా ముందుకు జరిపాడు. "చిన్న ఆపరేషనేనమ్మా. ఇక్కడ సంతకం పెట్టండి."

"చిన్నదైతే మూడు పేజీలెందుకండీ?"

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

"ఏమేం తేడా కొట్టొచ్చు? అసలు చేయించుకోకపోతే ఏమవుతుంది? నేను పెద్దగా చదువుకోలేదు, నాకు తెలిసేలా చెప్పండి. మళ్ళీ మీకు అప్పజెబుతాను, తప్పుంటే దిద్దండి."

"బయట ఇంకా పదకొండు మంది ఉన్నారు, మిసెస్ గావిగన్."

"ఉండనివ్వండి. వాళ్ళకీ ఇలాగే చెబుదురుగాని."

ఆయన నిట్టూర్చి, బొమ్మ గీసి చెప్పాడు. నేను అప్పజెప్పాను. రెండుచోట్ల తప్పాను, దిద్దాడు. "ఇంటికెళ్ళి ఆలోచించుకుని చెబుతాను," అని లేచాను.

"ఇన్ని ప్రశ్నలు మీకెవరు నేర్పారమ్మా?"

"మా అబ్బాయి ఫెర్గల్."

మూడేళ్ళ కిందట ఇదే బల్ల ముందు వాడు, "నాకీ ఆపరేషన్ తప్పదా?" అని అడగబోయాడు. పక్కనే చర్చి కోటులో కూర్చున్న నేను వాడి కాలు తొక్కాను. "డాక్టరుగారి టైము తినకురా, సంతకం పెట్టు," అన్నాను.

పెట్టాడు.

ఆ కోటు ఆ తర్వాత ఒక్కసారే వేసుకున్నాను, వాణ్ణి మట్టిలో పెట్టిన రోజున.