లంగరు రాయి

"ఈడ రాయి వెయ్యకు బిడ్డా," అంది మల్లక్క.

వీరేందర్ మోటారు ఆపి, తాడు కట్టిన లంగరు రాయిని ఎత్తినవాడు అలాగే ఆగిపోయాడు. పొద్దుటి నుంచి బండరాళ్ల గుట్టల అంచు పట్టుకుని పడవ నడుపుతున్నాడు. గాలి తగలని మలుపు కనిపించినచోటల్లా ఆపబోతే, ముసలామె ఇంకా ముందుకు పొమ్మంటూనే వచ్చింది.

"గిదే కద చిన్నమ్మా, మీ ఊరు మునిగిన జాగ? రాయి వెయ్యకుంటే పడవ ఆగది."

ఆమె భర్త ముత్యానికి విసుగొచ్చింది. గోదావరిఖని నుంచి ఇంత దూరం వచ్చింది ఇందుకా?

"ప్రాజెక్టు నీళ్లల్ల మన ఇల్లు ఎప్పుడో కరిగిపోయింది. ఇంకేం పగులుతదని నీ భయం?"

"ఇంటి కోసం కాదు." ఆమె నీళ్లకేసే చూస్తోంది. "మన పిల్లను పెట్టింది ఈ గుట్ట కిందనే."

ముత్యం కూడా నీళ్లకేసి తిరిగాడు. పురిట్లోనే పోయిన ఆ పిల్లను అతను చూడనేలేదు. ఆ రోజు బొగ్గుబాయిలో డ్యూటీలో ఉన్నాడు. కబురంది ఇల్లు చేరేసరికి మట్టి చేసి వచ్చేశారు. ఎక్కడ పెట్టారని అప్పుడు అడగలేదు. ఆ తర్వాతా అడగలేదు.

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడుగుతవని చూసిన."

అతను వీరేందర్ చేతుల్లోంచి రాయిని అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. పడవ నెమ్మదిగా కొట్టుకుపోతోంది. ముత్యం రాయిని రెండు చేతులతో కొంచెం పైకెత్తి చూశాడు.

"పిల్ల గింత బరువుండెనా?"

మల్లక్క చెయ్యి చాచి రాయిని తడిమింది.

"గంత లేకుండె," అంది.