గోడ అవతలికి వైరు

పాలకేంద్రంలో పాలు పోసి శోభ ఇంటికొచ్చేసరికి ఆమె పడకగది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎలక్ట్రీషియన్ యాదగిరి మంచాన్ని పక్కకు లాగి, గోడకు ఉలి పెట్టి గాడి కొడుతున్నాడు. పరుపు మీదంతా సున్నం పెళ్లలు.

పాత వైర్లు పాడైపోయి, వాన పడితే చాలు గోడ ముట్టుకున్నా షాక్ కొడుతోందని ఇల్లంతా కొత్త వైరింగు చేయిస్తున్నారు. కానీ ఈ గదిలో పని నిన్ననే ముగిసింది. తలుపు పక్కన బోర్డు బిగించి, ఫ్యాను తిప్పి చూపించి మరీ వెళ్లాడు యాదగిరి.

"మా అర్రల పని నిన్ననే అయిపాయె గద అన్నా. మళ్ల ఇదేంది?"

"పెద్దమ్మ పెట్టమన్నది చెల్లె" అన్నాడతను ఉలి ఆపకుండా. ఎందుకని అడిగితే మీ అత్తనే అడగమన్నాడు.

శోభ ఆ గాడి పోతున్న తీరు చూసింది. అది బోర్డు వైపు పోవడం లేదు. మంచం తలాపు దగ్గర, మోకాలెత్తులో మొదలై, తిన్నగా గోడలోకి దూరుతోంది. గోడ అవతల ఉన్నది అత్త గుర్వమ్మ గది.

ఈ మధ్య అత్త వాలకం శోభకు అనుమానంగానే ఉంది. తలుపు మూసి ఉంటే పనేమీ లేకపోయినా ఆ ముందు నుంచే తిరుగుతుంది. పొద్దున లేవగానే కోడలి ముఖాన్ని పరీక్షగా చూస్తుంది. ఏమిటత్తా అంటే ఏం లేదంటుంది. ఎప్పటి నుంచో కిటికీ కింద ఉన్న తన మంచాన్ని తెచ్చి ఈ గోడకే ఆనించి వేయించుకుంది. ఏదో ఊళ్లో ఒక అత్త కోడలి గదిలో కెమెరా పెట్టించిందని మొన్న పాలకేంద్రం దగ్గర బాలనర్సమ్మ చెబితే ఆడవాళ్లంతా నవ్వారు. అప్పుడు శోభ కూడా నవ్వింది. ఇప్పుడు ఆ మాట గుర్తొచ్చి గోడంతా కళ్లతో వెతికింది.

ఈ గదిలో మాట బయటికి పొక్కకుండా ఆమె ఇన్నాళ్లూ కాపాడుకుంటూ వచ్చింది. ఆత్మకూర్ నుంచి తల్లి ఫోన్ చేసినా, మంచిగనే ఉన్నానని చెప్పి పెట్టేసేది.

ఇంతలో గుర్వమ్మ తడి సిమెంటు తట్టతో లోపలికి వచ్చింది. కోడలిని చూసి తడబడింది. వెంటనే సర్దుకుని, బర్లకు గడ్డి వేసి రమ్మంది. శోభ కదలలేదు. ఇక చేసేది లేక గుర్వమ్మ యాదగిరిని తొందరపెట్టింది.

"జర జల్దీ కానియ్యి. మల్లికార్జున్ వచ్చేటాళ్లకు సిమెంటు ఆరాలె. వాని కండ్ల పడొద్దు."

మల్లికార్జున్ శోభ భర్త. గొర్రెలను ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని అమ్మడానికి భువనగిరి పోయాడు. కన్నకొడుక్కి కూడా తెలియకుండా చేయిస్తోందంటే ఇది మామూలు వైరు కాదని శోభకు ఖాయమైపోయింది. యాదగిరి చేతిలోని వైరు కొసను లాగి పట్టుకుంది.

"మా అర్రల ఏమైతాందో వినాలెనా అత్తా నీకు?"

గుర్వమ్మ ముఖం నల్లబడింది. "వినేతందుకు కొత్తగ ఏమున్నది" అంది మెల్లగా.

శోభ గోడ వైపు చూసింది. అంటే ఇన్నాళ్లూ అన్నీ వింటూనే ఉందన్నమాట. ఆ సంగతి భర్త ముందే తేల్చుకుంటానని అనబోయింది. "ఆయన రానీ..." అని అంతలోనే ఆపేసింది.

"వానికి చెప్తవా?" గుర్వమ్మ ఆమె కళ్లలోకి సూటిగా చూసింది.

శోభ చేతిలో వైరు దానంతటదే జారిపోయింది.

యాదగిరి తన పని తాను చేసుకుపోయాడు. తలాపు దగ్గర ఒక చిన్న స్విచ్చి బిగించాడు. సిమెంటు పూసి, అది కనపడకుండా మంచాన్ని మళ్లీ గోడకు జరిపాడు. గుర్వమ్మ ఆ తడి మరక మీద పాత చీర ఆరేసినట్టు వేలాడదీసింది. సామాన్లు సర్దుకుని అతను వెళ్లిపోయాక ఇంట్లో అత్తా కోడళ్లే మిగిలారు.

శోభ అప్పటికే సంచిలో చీరలు కుక్కుతోంది. ఆత్మకూర్ బస్సు ఎక్కేస్తానంది. నిఘా పెట్టిన ఇంట్లో ఉండలేనంది. గుర్వమ్మ గడపలో నిలబడి అంతా విన్నది.

"పోతనంటె నేనాపను. ఒక్కసారి అది నొక్కి చూసి పో."

శోభ ముట్టుకోలేదు. గుర్వమ్మే వంగి, మంచం వెనక చెయ్యి పెట్టి నొక్కింది. అవతలి గదిలో బెల్లు గణగణమని మోగింది.

శోభ సంచి వదిలేసి అటు పరుగెత్తింది. అత్త దిండుకు పైన, గోడకు కొత్త బెల్లు ఉంది. వైరు అక్కడితో ఆగిపోయింది. చుట్టూ వెతికింది. కెమెరా లేదు, మరే మిషనూ లేదు. అయినా ఆమె అనుమానం తీరలేదు. తన గదిలో స్విచ్చి ఏమిటి, అత్త గదిలో బెల్లు ఏమిటి?

"నిన్ను పిలవాలంటే నాకు గొంతు లేదా అత్తా?"

గుర్వమ్మ దగ్గరికొచ్చి, కోడలి చెంప మీద చెయ్యి వేసింది.

"నా కొడుకు నీ నోరు మూసి కొట్టేటప్పుడు గొంతు యాడికెల్లి లేస్తది బిడ్డా? చెయ్యి అందితే నొక్కు, నేనొస్త."